ముట్టుకుంటే రికార్డు పోతుంది

బావ తల నీళ్లమీదికి రాగానే, కాపలాకి దిగిన బావమరిది చేతులు ముందుకి వెళ్లి మళ్లీ వెనక్కొచ్చాయి.

ఊపిరి బిగబట్టి లోతుకి దిగే పోటీలో ముట్టుకోవడమే పాపం. పైకొచ్చినవాడు తనంతట తానే ముక్కు క్లిప్పు తీసి, చెయ్యి చూపించి, "బాగున్నాను" అనాలి. ఈలోపు ఎవడి వేలు తగిలినా రికార్డు గోవిందా. కిందటిసారి బావమరిది కంగారుపడి పట్టేసుకున్నాడు. బావ నిక్షేపంగా ఉన్నాడు. ఊడింది బావమరిది పన్ను.

"ఈసారి ముట్టుకున్నావంటే మిగతావీ రాలగొడతా, బామ్మర్దీ" అని పొద్దున నవ్వుతూనే చెప్పాడు.

ఇప్పుడా మొహం వంకాయ రంగుకి తిరిగింది. ముక్కుకోసం లేచిన చెయ్యి దారి తప్పి చెవిని గోకుతోంది.

"పీల్చు బావా! ఊపిరి పీల్చవయ్యా!"

"సినిమా చూస్తున్నావా? పట్టుకోరా!" పడవలోంచి అక్క అరిచింది.

బావ కళ్లు తేలేశాడు. మొహం నీళ్లలోకి వాలింది.

బావమరిది జుట్టు పట్టి లాగాడు. ఆ ఒళ్లు మెడ కోసిన కోడిలా కొట్టుకుంది. మోచెయ్యి తగిలి బావమరిది ముక్కు పటుక్కున విరిగింది. వాడూ ఊరుకోలేదు. బావ చెంపలు ఎడాపెడా వాయించాడు, మొహమ్మీద ఊదాడు. ఊదినప్పుడల్లా తన ముక్కు రక్తం బావ కళ్లలో చిమ్మింది.

చివరికి బావ ఎర్రటి నురగ కక్కి, గాలి మింగాడు. రికార్డు చెల్లదని జడ్జి ఎర్ర కార్డు ఎత్తాడు. అందరూ కలిసి బావని పడవలోకి ఈడ్చి పడేశారు.

"ముట్టుకున్నావా?"

"చచ్చిపోతున్నావు బావా!"

"ముట్టుకున్నావా లేదా?"

"ఒళ్లంతా."

పిడికిలి వచ్చి మూతి మీద పడింది. ఇంకో పన్ను ఎగిరిపోయింది. అక్క తెడ్డు తీసి మొగుడి వీపు మీద ఒక్కటిచ్చింది. చీమ కుట్టినట్టయినా లేదాయనకి.

"రేపు మళ్లీ దిగుతా. వీణ్ని ఒడ్డునే కట్టేయండి" అని మళ్లీ నెత్తురు ఉమ్మాడు.

ఆ ఊపిరితిత్తులతో రేపు దిగితే పైకొచ్చేది శవమే. బావమరిదికి తెలుసు. అక్కకీ తెలుసు.

పడవవాడు, బావ పట్టుకు దిగిన తాడు చివర బరువుకి కట్టిన సీసపు దిమ్మని పైకి లాగుతున్నాడు.

"ఇలా ఇవ్వన్నా, సాయం పడతా" అని బావమరిది దాన్ని రెండు చేతులా అందుకున్నాడు. సరిగ్గా బావ పాదం మీదికి తెచ్చి వదిలేశాడు.

వేళ్లు పుల్లల్లా విరిగాయి. బావ కేకకి పడవ అదిరింది.

"అయ్యో, జారింది బావా" అన్నాడు పళ్లు లేని సందులోంచి. "ఇక ఆ కాలికి ఈత రెక్క తొడిగినట్టే!"

అక్క నలిగిన పాదాన్ని చూసింది. తమ్ముణ్ని చూసింది.

"రెండోది కూడా ఉందిరా" అంది.

బావ గబుక్కున కాలు ముడుచుకున్నాడు.