కత్తిరించిన ఏడు సెకన్లు

మంగళవారం నుంచి ఏడో తరగతిలో ఎత్తిన చేతులు దిగడం లేదు.

నేను బీఎడ్ చదువుతూ ఈ బడికి శిక్షణ కోసం వచ్చాను. త్రిభుజంలోని మూడు కోణాల పాఠాన్ని లాప్‌టాప్ తెర మీద బొమ్మలు కదుపుతూ, మాట్లాడుతూ, ఓ మూల నా ముఖం కూడా కనిపించేలా రికార్డు చేశాను. పదకొండు నిమిషాలు. ఇప్పుడు తరగతిలో నాకు బదులు ఆ వీడియోయే పాఠం చెబుతోంది. నాకంటే బాగా చెబుతోంది, దాచుకోవడం ఎందుకు? తడబడదు, దగ్గదు, విసుక్కోదు. అర్థం కానప్పుడు పిల్లలు చెయ్యెత్తుతారు. "చెప్పమ్మా" అనే మాట వీడియోలో లేదు. అందుకని చేతులు అలాగే ఉండిపోతాయి.

మధ్యాహ్నం పిల్లలు ఎడమ చేత్తో అన్నం తింటారు. తల్లులు చొక్కాల చంకల దగ్గర కుట్లు విప్పి వదులు చేశారు.

నాకు మార్కులు వేసే లెక్చరర్ వరూధిని గారు వెనక బెంచీలో కూర్చుంటారు. "క్లాసు ఎంత నిశ్శబ్దంగా ఉందో చూడు కామేశ్వరీ" అంటారు మెచ్చుకోలుగా. నేను తలూపుతాను.

మూడో బెంచీ ఒక పిల్ల కూర్చునేంత మేర కురచైంది. హాజరు పట్టీలో పద్దెనిమిది తర్వాత ఇరవై ఉంది. ఎవరికీ ఏ లోటూ తెలియడం లేదు. నాకు తెలుస్తోంది, ఎందుకంటే ఆ పని చేసింది నేను.

రికార్డు చేసిన రోజు ఆ పంతొమ్మిదో నంబరు పిల్ల, నూకరత్నం, నా పక్కనే ఉంది. బడి వదిలినా ఇంటికి పోకుండా, కాగితపు త్రిభుజం మూలలు చింపి పక్కపక్కన పేర్చింది. మూడూ కలిసి తిన్నటి గీత అయ్యాయి. అప్పుడు చెయ్యెత్తి అడిగింది.

"మూలలు సింపీసినాక మిగిలిన ముక్క ఏటైపోద్ది మేడం?"

నాకు తెలియలేదు. ఏడు సెకన్లు నోరు మెదపలేదు. ఇంటికెళ్ళి వీడియో సరిచేస్తూ ఆ ప్రశ్ననీ నా మౌనాన్నీ కత్తిరించి, రెండు అంచులూ కలిపి అతికించాను. తడబాట్లు తీసేయమని వరూధిని గారు చెప్పిన మాట నిజమే. కానీ నేను తీసేసింది సిగ్గుతో. ఆ ముక్కతోపాటే రత్నమూ పోయింది.

శుక్రవారం ఇంటర్వెల్‌లో అప్పలనర్సమ్మ వస్తుంది. రత్నం వాళ్ళమ్మ. చేతిలో దువ్వెన, కొబ్బరినూనె సీసా, ఎర్ర రిబ్బను.

"నాకో కూతురుండాల మేడం. రోజూ పొద్దున్నే దువ్వెన పట్టుకుని కూకుంతన్నాను. తల నేదు."

"పేరేమిటి?" అని అడుగుతారు వరూధిని గారు.

"నాలిక మీదే ఉందండి. రాటం నేదు."

నేను చెప్పబోతాను. నా నోరు తెరుచుకుని, వీడియోలో లాగే, "ఇప్పుడు తర్వాతి మెట్టుకు వెళ్దాం" అంటుంది. అప్పలనర్సమ్మ రిబ్బను నా చేతికిచ్చి, "కాసేపు పట్టుకోండమ్మా" అని కొంగుతో కళ్ళు తుడుచుకుంటుంది.

ఇక తట్టుకోలేక లాప్‌టాప్ తెరలోకి వెళ్తాను. మౌస్ బాణం గుర్తు తోక పట్టుకుని వీడియోలో ఆరో నిమిషం దాకా నడుస్తాను. అతుకు కనిపించగానే గోటితో విప్పుతాను. లోపల ఏడు సెకన్ల పొడవున్న గది. అందులో రత్నం చెయ్యెత్తి కూర్చుని ఉంది. జుట్టు చెదిరిపోయి ఉంది. ఒళ్ళో మూలల్లేని కాగితం.

"ఏటైపోద్ది మేడం?"

"నాకు తెలీదు రత్నం."

ఈసారి గొంతు నాదే. ఏడుస్తాను. రత్నం చెయ్యి దించుతుంది. బయట తరగతిలో చేతులన్నీ ఒక్కసారిగా దిగుతాయి.

"ఈ మాట ఆరోజే అనీయొచ్చు కదా మేడం" అంటుంది.

దాని చెయ్యి పట్టుకుని వెనక్కి తిరుగుతాను. అతుకు లేదు. ఎంత వెతికినా దొరకదు. అంత శుభ్రంగా అతికించాను.

తెర ఇవతలి నుంచి తరగతి కనిపిస్తోంది. అప్పలనర్సమ్మ మూడో బెంచీ చివర కూర్చుని, ఎదురుగా ఉన్న గాలికి నూనె రాస్తోంది. గాలిని మూడు పాయలు తీసి అల్లుతోంది. ఇక్కడ రత్నం జుట్టు దానంతటదే జడగా మారుతోంది.

"మెల్లగే అమ్మా, నొప్పెడతంది."

ఆ మాట అటువైపు వినిపించదు. ఆ శబ్దం నేను ముందే తీసేశాను.

జడ కొసకు వచ్చాక అప్పలనర్సమ్మ అలవాటుగా అరచెయ్యి చాపుతుంది, రిబ్బను అందివ్వమని. రిబ్బను నా దగ్గరే ఉంది. అందిస్తాను. తెర అద్దానికి తగిలి నా చెయ్యి ఆగిపోతుంది. ఆవిడ కాసేపు చూసి, ఖాళీ వేళ్ళతోనే ముడి వేస్తుంది. ఇక్కడ రత్నం జడ కింద నుంచి పైదాకా విడిపోతుంది.

ఆవిడ మళ్ళీ మూడు పాయలు తీస్తుంది.

నా కుడిచెయ్యి రిబ్బనుతో సహా, పిల్లల చేతుల్లాగే, పైకి లేస్తుంది. తెర మీద పాఠం చెబుతున్న వీడియోలోని నేను ఇటు చూడకుండా, చక్కగా నవ్వుతూ, సందేహాలేమీ లేవు కదా అని అడుగుతున్నాను.