డాక్టరు గారి వరండా బల్ల

నేను ఒక బల్లను. మద్ది చెక్క ఒళ్లు. బరువు మోయడం నా వ్యాపారం. నా మీంచి లేచి సొంత కాళ్లతో ఇంటికి నడిచినవాళ్లు నాకు లాభం. నా మీద పడుకున్నవాళ్లు నష్టం.

బొబ్బిలిలో డాక్టర్ ఉమాపతి గారు నన్ను చేయించినప్పుడు, మామూలు కంటే బెత్తెడు ఎత్తు తగ్గించమన్నారు.

"ముసిలోల్లు లెగడానికి కష్టపడతారు బాబూ," అన్నాడు వడ్రంగి.

"పడాలి. నేను చూడాలి," అన్నారాయన.

తలుపు తీసి ఉంచి, లోపల ఒకరి నాడి పట్టుకుంటూనే, బయట ఎవరెలా లేస్తున్నారో కనిపెట్టేవారు. చేతులు ఊని లేచినవాళ్లని, లేచి ఆగి ఊపిరి తీసుకున్నవాళ్లని ముందు పిలిచేవారు. వరస కోసం నా మీద తువ్వాలు పరిచి బజారుకెళ్లొచ్చినవాళ్లు సణిగేవారు.

చేపలమ్మే పైడమ్మ అలాగే దొరికింది. జ్వరం కోడలిది, తను తోడొచ్చింది.

"నాకేటి బాబూ, గుండ్రాయిలాగున్నాను. దీన్ని సూడండి."

"గుండ్రాయి ఎందుకు రొప్పుతోంది?" అన్నారాయన.

గుండె జబ్బని తేల్చారు. నెలనెలా పాదాలు నొక్కి, వాపుని బట్టి మందు మార్చేవారు.

ఆయన పోయారు. కొత్త డాక్టరు రాలేదు. ఎదురు మందుల షాపు గణేశు నన్ను కొని తన ముంగిట వేసుకున్నాడు. గిరాకీకి లోటు లేదు. జనానికి ఉమాపతి గారి మీద నమ్మకం ఆయనతో పోలేదు మరి. ఆయన రాసిన మాత్రల ఖాళీ అట్టలు దాచుకుని, చూపించి, మళ్లీ అవే కొనేవారు.

"పాదాలు వాచిపోనాయి కదే అప్పా, ఓపాలి విజీనారం పెద్దాసుపత్రికి ఎల్లరాదా?" అన్నాడు గణేశు పైడమ్మతో.

"నా గంప నువ్ మోస్తావేటి? ఆ డాక్టర్లకి నా ఒల్లేటి తెలుస్తాది? అట్ట సూసి మందియ్యి, పాదాలు సూడకు."

ఒక మధ్యాహ్నం గంప దింపి కూర్చోబోయి, ఊపిరి అందక నా మీదే వాలిపోయింది. అంబులెన్సు వచ్చేదాకా ఆ బరువు నాదే. ఉమాపతి గారున్నప్పుడు ఆ బండి మా వీధికి రావడం అరుదు. ఇప్పుడు దాని కూతకి కుక్కలు కూడా తల ఎత్తవు.

"ఇంత ముదిరేదాకా ఎవరికీ చూపించలేదా?" అని అడిగారట పెద్దాసుపత్రి ఎమర్జెన్సీలో.

"సూపించినాను. ఉమాపతి బాబుకి," అందిట.

బతికి వచ్చింది. లాభమనుకున్నాను. మందులు మార్చారు, మళ్లీ వచ్చి చూపించుకోమన్నారు. చేపలు బాగా అమ్ముడుపోయే రోజులు, వెళ్లలేదు.

నిన్న వచ్చి కూర్చుంది. కొంగుముడి విప్పి ఖాళీ అట్ట తీసింది. ఈసారి పెద్దాసుపత్రిది.

"ఇదే ఇయ్యి నాయనా."

గణేశు ఇచ్చి, పక్కవాళ్ల అట్ట అందుకున్నాడు. పైడమ్మ రెండు చేతులూ నా మీద ఊని లేచింది. లేచి, ఆగి, ఊపిరి తీసుకుంది.

ఎదురుగా ఉమాపతి గారి తలుపుకి తాళం వేసి ఉంది.