మూత ఎక్కడ పెట్టాలి

నా పెళ్ళి సాయంత్రం ఐదులోపు అయిపోవాలి. లేకపోతే కథ మళ్ళీ మొదటికొస్తుంది. రిజిస్ట్రారు ఆఫీసులో మేమిచ్చిన నోటీసుకు ఆ రోజే ఆఖరు. దాటిందంటే కొత్త నోటీసు ఇవ్వాలి, మా ఇద్దరి ఫొటోలూ ఇంకో నెల రోజులు ఆ వరండా గోడ మీద, పోయిన గొడుగుల ప్రకటన పక్కన వేలాడాలి. గడువు అంచుదాకా ఎందుకు తెచ్చుకున్నారని మీరడగచ్చు. మేం తెచ్చుకోలేదు, మా నాన్న తెచ్చాడు. మూడుసార్లు తేదీ ఖాయం చేస్తే మూడుసార్లూ వాయిదా వేయించాడు. ఒకసారి మోకాలు నొప్పన్నాడు, ఒకసారి పాత శిష్యుడెవరో వస్తున్నాడన్నాడు, మూడోసారి కారణమే చెప్పకుండా కుర్చీలో అటు తిరిగి కూర్చున్నాడు. కూతుర్ని పంపడం ఇష్టం లేక చేస్తున్నాడనుకుని నేను లోపల్లోపల మురిసిపోయాను కూడా.

నాన్న ముప్పై నాలుగేళ్ళు బడిలో చేతిరాత నేర్పాడు. అందరూ దస్తూరి మాస్టారంటారు. ఆయన క్లాసులో మొదటి పాఠం అక్షరం కాదు, పెన్ను మూత. మూత తియ్యాలి, పెన్ను వెనక తగిలించాలి, 'టిక్' మని వినపడాలి, అప్పుడు రాయాలి. మూత బల్ల మీద పెట్టినవాణ్ణి బల్ల మీద నిలబెట్టేవాడు. ఇంట్లో నాకూ అదే చట్టం. నాకు నడక వచ్చిన తేదీ ఆయనకు గుర్తు లేదు గానీ నేను మొదటిసారి మూత సరిగ్గా తగిలించిన తేదీ గుర్తుంది.

ఇక నాకు దొరికిన మామగారు ఎవరయ్యా అంటే, ఇంకు పెన్నులు బాగుచేసే ఆయన. పాళీల డాక్టరంటే చాలు, దుకాణం ఎవరైనా చూపిస్తారు. దుకాణం ఎంతంటే, ఆయన లోపలుంటే బేరం బయట నిలబడాలి. ముందు ఒక అట్టముక్క వేలాడుతుంటుంది: 'మూత వెనక తగిలించేవారి పెన్నులు బాగుచేయబడవు.'

ఈ సంగతి నాకూ ఆయన కొడుక్కీ మొదటి వారంలోనే అర్థమైంది. ఐదు నెలలపాటు పెద్దవాళ్ళు ఎప్పుడు కలిసినా చుట్టుపక్కల పెన్నన్నది లేకుండా చూసుకున్నాం. వాళ్ళు మా ఇంటికి కాఫీకొచ్చిన రోజు పెన్నులన్నీ బియ్యం డబ్బాలో దాచాను. వాళ్ళింట్లో ఆ అబ్బాయి తండ్రి పనిముట్ల పెట్టె మీద దుప్పటి కప్పి, దాని మీద తనే కూర్చున్నాడట. ఇంత తెలివి చూపించిన మేమిద్దరం ఒక్కటి మర్చిపోయాం. పెళ్ళంటే సంతకాలు.

నాలుగూ ఇరవైకి మమ్మల్ని లోపలికి పిలిచారు. గదిలో పొడుగాటి బల్ల, దాని మీద రిజిస్టరు, అద్దుడు కాగితం, సిరాబుడ్డి. బల్ల వెనక గుమాస్తా అమ్మగారు. సంతకాలయ్యాక పక్క గదిలో రిజిస్ట్రారు గారు ముద్ర వేస్తారు. ఐదైతే ఆయన ముద్రను డ్రాయరులో పెట్టి తాళం వేసేస్తారు. ఆ రిజిస్టరులో ఆఫీసు సిరాతో, ఆఫీసు ఇంకు పెన్నుతో తప్ప గీత పడకూడదు. ఆ పెన్ను ఇచ్చే పద్ధతి కూడా ఉంది. గుమాస్తా అమ్మగారు మూత తీసి తన గుప్పిట్లో పెట్టుకుని, పెన్ను మాత్రమే మన చేతికిస్తారు.

"మూత ఇచ్చిన రోజుల్లో ఏడు పెన్నులు పోయాయి. పట్టుకోవడం మొదలెట్టాక ఒక్కటి పోలేదు" అని ఆవిడే చెప్పారు.

ముందు అబ్బాయి సంతకం చేశాడు. తర్వాత నా వంతు. పెన్ను చేతిలోకి రాగానే నా ఎడమ చెయ్యి దానంతటది మూత కోసం గాల్లోకి లేచింది. బల్ల అవతల మామగారు నా చేతినే చూస్తున్నారు. నా కాబోయే భర్త ముఖం సున్నం కొట్టినట్టయిపోయింది. నేను గాల్లో ఉన్న చేత్తో జుట్టు సర్దుకుని, మూత లేకుండానే గబగబా సంతకం చేసేశాను.

"అమ్మాయ్" అన్నాడు నాన్న. "మూతేదీ?"

"వీళ్ళు ఇవ్వరట నాన్నా."

"అడిగావా?"

నేను నేల చూశాను. నాన్న రిజిస్టరు మీదికి వంగి నా సంతకం చూశాడు. "ఇంకా సిరా ఆరలేదు, అప్పుడే అత్తింటి అలవాట్లొచ్చేశాయి!"

"మంచి అలవాటు ఎప్పుడొచ్చినా మంచిదేగా మాస్టారూ" అన్నారు మామగారు. ఊరుకోవచ్చు కదా? ఊరుకోరు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఎవరైనా అనుకుంటారు, కానీ ఈ కత్తిపీటకు ఇరవై ఏళ్ళ దురద. ఆ ఆఫీసు పెన్నుకు ఆయనే వైద్యుడు. "ఇదిగో ఈ మూత అంచు నాలుగుసార్లు చిట్లింది. నాలుగుసార్లూ ఎవడో సాక్షి వెనక్కి తగిలించి నొక్కినందుకే. పోయిన వారమే కట్టు కట్టాను."

తర్వాత ముగ్గురు సాక్షులు: అమ్మ, నాన్న, మామగారు. ముందు అమ్మ వెళ్ళి సంతకం చేసింది. అమ్మకు మూతతో గానీ పెన్నుతో గానీ పేచీ లేదు. "ఏమండీ, మీరు రండి" అంది.

నాన్న చేతులు కట్టుకున్నాడు. "మూత ఇస్తే చేస్తాను. లేకపోతే చెయ్యను."

"మూత ఇవ్వం సార్" అన్నారు గుమాస్తా అమ్మగారు.

"ఇచ్చినా నేను తగిలించనివ్వను" అన్నారు మామగారు.

గడియారం నాలుగున్నర చూపిస్తోంది. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనుషులు ఇంటికొకరుంటారు; మాకు అదృష్టం కొద్దీ ఇద్దరూ ఒకే బల్ల దగ్గర దొరికారు.

"తోక లేని గాలిపటం ఎగురుతుందా?" అన్నాడు నాన్న. "వెనక బరువుంటేనే పెన్ను చెప్పిన మాట వింటుంది."

"పెన్ను ఎగరక్కర్లేదండీ, రాస్తే చాలు. ఇంటికొచ్చినవాడు చెప్పులు గుమ్మం దగ్గర వదులుతాడా, నడుముకు కట్టుకుని తిరుగుతాడా?"

"వదిలిన చెప్పులేగా పోయేది!"

"నేను చెప్తున్నదీ అదే" అన్నారు గుమాస్తా అమ్మగారు. ఆవిడ ఎవరి పక్షాన మాట్లాడారో ఎవరికీ తెలియలేదు గానీ ఇద్దరూ తమ పక్షమే అనుకుని తలలూపారు.

ఈలోగా మా తర్వాతి జంట తలుపు దగ్గరకొచ్చి తొంగి చూసింది. విషయం తెలుసుకుని పెళ్ళికొడుకు "నేనైతే మూత నోట్లో పెట్టుకుంటాను" అన్నాడు. పెళ్ళికూతురు అతని వైపు కొత్త మనిషిని చూసినట్టు చూసింది. అబ్బాయి వాళ్ళని మర్యాదగా బయటికి పంపి తలుపు దగ్గరకు వేసి, నన్ను కిటికీ దగ్గరకు పిలిచాడు.

"సాక్షి ఎవరైనా పరవాలేదట. కింద జిరాక్స్ షాపు ఆయన్ని పిలుచుకొస్తాను. రెండు నిమిషాల పని" అన్నాడు.

పాపం, అతని తప్పేం లేదు. అయినా నాకు ఒళ్ళు మండింది. "మా నాన్న గదిలో ఉండగా జిరాక్స్ ఆయనా? నా పెళ్ళి కాగితం మీద మా నాన్న సంతకం ఉండాలి. లేకపోతే నాకీ పెళ్ళి ఇవాళ వద్దు. ఇంకో నెల ఆగుదాం" అన్నాను.

అన్నానే గానీ అన్న వెంటనే ఏడుపొచ్చింది. ఆగడం నాకస్సలు ఇష్టం లేదు. అద్దెకు తీసుకున్న రెండు గదులకు అప్పుడే కర్టెన్లు కూడా కుట్టించాను. అయినా మా నాన్న రాత నా జీవితంలో ప్రతి పుస్తకం అట్ట మీదా ఉంది. అన్నిటికంటే పెద్ద పుస్తకంలో లేకపోతే ఎట్లా?

బల్ల దగ్గర గొంతులు పెరిగితే మళ్ళీ అక్కడికొచ్చాం. మామగారు అద్దుడు కాగితం నాన్న ముందుకు తోసి, పెన్ను చేతిలో పెట్టేశారు. "ఒక్క గీత గీయండి మాస్టారూ, మూత లేకుండా. తిన్నగా రాకపోతే నా పేరు మార్చుకుంటాను."

నాన్న పెన్ను వైపు చూశాడు. ముప్పై నాలుగేళ్ళు నల్లబల్ల మీద కొలబద్ద లేకుండా గీతలు కొట్టిన మనిషి. ఇలాంటి పందెం వస్తే మామూలుగా చొక్కా చేతులు మడిచేవాడు. మడవలేదు. చాలా నెమ్మదిగా కాగితం మీద పాళీ ఆనించి, ఒక్క గీత గీసి, వెంటనే దాని మీద అరచెయ్యి మూసేశాడు.

అప్పటికే నేను చూశాను. గీత చీమల బారులాగా వంకర్లు పోయింది.

అమ్మ నా పక్కకు వచ్చి చెవిలో అంది. "ఆర్నెల్లనుంచీ ఇంతే. సామాన్ల చీటీ కూడా నా చేతే రాయిస్తున్నారు. మూత వెనకుంటే ఆ బరువుకి కాస్త నిలుస్తుందట. నీకు చెప్పద్దన్నారు. తేదీలు మార్పించిందీ ఇందుకే. దస్తూరి మాస్టారి సంతకం కూతురి పెళ్ళిలో వణికితే ఎట్లా అని ఒకటే దిగులు."

జేబు మరకలవుతోందని నాన్న పెన్ను పెట్టుకోవడం మానేస్తే, నేను నిజంగానే మరకల గురించే అనుకున్నాను. ఆయన మోకాలికి నేను తైలం కూడా కొనిచ్చాను. నా అంత గుడ్డిది ఇంకొకతి ఉండదు.

మామగారు "చెయ్యి తియ్యండి, చూద్దాం" అంటూ ఆ కాగితాన్ని లాగారు. చూశారు. ఆయన పెదవి మీద సిద్ధంగా ఉన్న మాట అక్కడే ఆగిపోయింది. ఒకసారి నాన్న చేతి వైపు, ఒకసారి నాన్న ముఖం వైపు చూశారు. నాన్న గోడ మీది క్యాలెండరు చదువుతున్నాడు. నాలుగూ నలభై ఎనిమిది.

మామగారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. నెత్తి మీద చేత్తో కొట్టుకున్నారు.

"అయ్యో, నా మతిమరుపు మండా! పోయిన వారం ఈ పెన్నుకి పాళీ మార్చానండీ, బరువు పాళీ వేశాను. వెనక మూత లేకపోతే ఇది ముందుకి తూలిపోతుంది. గీత ఎవరు గీసినా ఇట్లాగే వస్తుంది. మాస్టారు చెప్పిందే కరెక్టు. అమ్మా, ఆ మూత ఇటివ్వండి."

అబ్బాయి నోరు తెరుచుకుని తండ్రిని చూశాడు. ఆయన నోటి వెంట ఆ మాట ఈ జన్మలో వింటానని అతను అనుకోలేదు.

గుమాస్తా అమ్మగారు గుప్పిట ఇంకా బిగించారు. "మూత ఇస్తే పెన్ను పోతుంది."

"మూత బదులు మనిషిని పట్టుకోండి" అన్నారు మామగారు.

అలాగే ఒప్పందం కుదిరింది. గుమాస్తా అమ్మగారు నాన్న ఎడమ చొక్కా చెయ్యి పట్టుకున్నారు. మామగారు స్వయంగా మూతను పెన్ను వెనక పెట్టి నొక్కారు. 'టిక్' మంది. ఆ వెంటనే ఇంకో సన్నటి చప్పుడు కూడా వచ్చింది, కట్టు విడిపోయినట్టు. మామగారు కళ్ళు మూసుకుని తెరిచారు.

నాన్న సంతకం చేశాడు. మూత సగం వణుకు ఆపింది, సగం ఆపలేదు. చివరి అక్షరం కొమ్ము దగ్గర సిరా కాస్త అదిరింది. నాన్నకు కనపడే ఉంటుంది. కానీ గెలిచిన మనిషి కదా, ముఖం వెలిగిపోతోంది. "చూశారా? పాళీల డాక్టరే ఒప్పుకున్నాడు! అమ్మాయ్, విన్నావా? అందరూ విన్నారా?" అంటూ అలవాటుగా పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు.

"సార్!" అని గుమాస్తా అమ్మగారు చొక్కా చెయ్యి గుంజారు. "నేను చెప్పలే?"

పెన్ను తిరిగొచ్చింది. మిగిలింది మామగారి సంతకం ఒక్కటే. నాలుగూ యాభై నాలుగు. ఆయన మూత తీసేస్తారని అందరం అనుకున్నాం. తియ్యలేదు. వెనక మూతతోనే పెన్ను పట్టుకుని, నాన్న సంతకం కిందనే తనదీ చేశారు.

నాన్న వంగి చూసి పెదవి విరిచాడు. "ఏంటి బావగారూ ఇది, కోడి గెలికినట్టుంది! చెయ్యి ఇంత వణుకుతోందేంటి?"

"మూత కొత్త కదండీ బావగారూ. అలవాటు లేదు."

"పరవాలేదు. ఆదివారం పొద్దున ఇంటికి రండి, నేను నేర్పిస్తాను. ఇందులో సిగ్గుపడాల్సిందేం లేదు. వయసొచ్చాక ఎవరికైనా చెయ్యి కాస్త వణుకుతుంది."

ఆర్నెల్లుగా నోరు దాటని ఆ మాట నాన్న అంత తేలిగ్గా అనేశాడు. అమ్మ పమిట చెంగు నోటికడ్డం పెట్టుకుంది.

"వస్తానండీ, తప్పకుండా" అన్నారు మామగారు.

ఐదుకు రెండు నిమిషాలుండగా ముద్ర పడింది. అబ్బాయి నా భర్త అయిపోయాడు. నేను మాత్రం రిజిస్టరులో ఆ రెండు సంతకాల్నే చూస్తున్నాను, ఒకదాని కింద ఒకటి, రెండూ వంకర్లే. వెంట్రుక దూరని పాళీ చీలికను భూతద్దం లేకుండా సరిచేసే చెయ్యి అది. అది వణకడమేమిటి? కానీ పైదానికంటే కిందిదే ఎక్కువ వణికింది.

మెట్లు దిగుతున్నంతసేపూ నాన్న పెన్ను ఎలా పట్టుకోవాలో చెప్తూనే ఉన్నాడు. మామగారు "అవునండీ, అవునండీ" అంటూ పక్కన నడుస్తున్నారు. నేను వెనక ముక్కు ఎగబీల్చుకుంటూ దిగాను. పుట్టిల్లు వదలాల్సి వచ్చినందుకని అందరూ ఓదార్చారు. వెళ్తున్న ఇంటి పెద్దాయన్ని చూసి ఏడుస్తున్నానని ఎవరికీ చెప్పలేదు.