చెరిపేసిన చుక్క

అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే పరిశోధన సంస్థలో పనిచేస్తున్నారంటే విన్నవాళ్ళు ముచ్చటపడేవారు. అక్కకు మాత్రం ఆ ముచ్చట ఒక్క సోమవారంతో తీరిపోయింది.

ఆమె ఏళ్ళ తరబడి ఒకే గెలాక్సీల గుంపును పట్టుకు వేలాడుతోంది. ఆ గెలాక్సీల నడుమ పరుచుకున్న వేడి వాయువు ఎక్స్-రే కాంతిలో మెరుస్తుంది. అది ఎటు కదులుతోందో తేల్చాలని ఆమె పట్టుదల. టెలిస్కోపు పంపిన బొమ్మలో వాయువుకు అడ్డొచ్చే చుక్కలన్నిటినీ, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరి పారేయడం ఆమె మొదటి పని.

అలా పారేసిన చుక్కల్లో ఒకదాన్ని చెల్లెలు ఎత్తుకుంది. అది ఆ గుంపుదే కాదనీ, మన గెలాక్సీలోనే ఒక పాత నక్షత్రం పేలిపోయి మిగిల్చిన న్యూట్రాన్ నక్షత్రమనీ, గిరగిరా తిరుగుతూ లయగా మినుకుమంటోందనీ ఆ సోమవారం సమావేశంలో చెప్పింది. గదంతా చప్పట్లు. డైరెక్టరు లేచొచ్చి మరీ చేయి కలిపాడు.

"ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములే వాడి!" అన్నారెవరో. అక్క కూడా నవ్వింది. ఆ నవ్వు పెదవులు దాటి లోపలికి పోలేదు.

ఇంటికి వెళ్ళి కంచం ముందు కూర్చోగానే భర్త మాట కదిపాడు.

"మీ చెల్లెలు ఫోన్ చేసింది. ఏదో కనిపెట్టిందటగా!"

"నేను పారేసిన చెత్తలో కనిపెట్టింది."

"పోనీలే, చెత్తబుట్ట మనదేగా."

ఆమె కంచం ముందునుంచి లేచిపోయింది.

మర్నాడు చెల్లెలు గదిలోకి వచ్చి టేబుల్ అంచున కూర్చుంది. "అక్కా, పేపరు జర్నలుకు పంపేముందు ఒక్కసారి చూసిపెట్టవూ? నీ కన్ను పడితే నాకు ధైర్యం."

'పడే ఉందిలేవే' అనుకుంది అక్క. పైకి మాత్రం, "పెట్టి వెళ్ళు," అంది.

చెల్లెలు గుమ్మం దాటగానే తలుపు వేసుకుని కూర్చుంది. టెలిస్కోపు సన్నగా ఊగుతుంటుంది. ఆ ఊపునే నక్షత్రపు లయ అనుకుని పెద్దపెద్దవాళ్ళే బోల్తాపడ్డారు. ఇదీ అదే అయ్యుండాలని ఆమె ఆశ. అదే నిజమైతే పక్క చుక్కల్లోనూ ఆ లయ కనబడాలి. ఒక్కొక్కటే తీసి చూసింది. ఎక్కడా లేదు. కడుపులో కుంపటి ఇంకాస్త రాజుకుంది. ఆఖరికి కొన్నేళ్ళ కిందట తను తీయించిన పాత బొమ్మను బయటికి లాగింది. అందులోనూ ఆ చుక్కను అప్పట్లో తన చేత్తోనే చెరిపేసింది. చెరపని మూలప్రతిని తెరిచి లెక్క వేసింది.

అక్కడా అదే లయ ఉంది. కాకపోతే అప్పుడు నక్షత్రం రవ్వంత వేగంగా తిరిగేది. వయసు మీదపడేకొద్దీ ఇలాంటి నక్షత్రాలు నెమ్మదిస్తాయి. ఏ ఊపూ అలా నెమ్మదించదు.

తప్పు వెతకబోతే సాక్ష్యం దొరికింది. అదీ ఇన్నాళ్ళూ తన దగ్గరే పడి ఉన్న సాక్ష్యం! ఆ మాట అన్నిటికన్నా ఎక్కువగా కాల్చింది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. పేపరు నెలల తరబడి సందేహాల్లో నానుతుంది. తెర ఆపేసి కాసేపు కిటికీ ముందు నిలబడింది. కానీ ఒకసారి కళ్ళబడ్డ నిజం రెప్పల కింద దాగలేదు. చెల్లెలి గదికి వెళ్ళి, అప్పటి లయనూ ఇప్పటి లయనూ పక్కపక్కన గీసిన పటాన్ని ఆమె ముందు పెట్టింది.

చూస్తూ చూస్తూనే చెల్లెలి కళ్ళు పెద్దవయ్యాయి. "అక్కా! ఇక దీన్ని ఎవరు కాదంటారు?"

"సంబరపడకు. నీది తప్పని తేల్చాలనే కూర్చున్నాను."

"తెలుసు. అందుకేగా నీకిచ్చింది! మెచ్చుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు. నా లెక్క మీద ఇంత కసిగా ఎవరు కూర్చుంటారు?"

అక్కకు కోపం రాబోయి నవ్వొచ్చింది. ఆ వెంటనే మళ్ళీ మంట.

పేపరు అచ్చయింది, అక్క పేరు రెండోది. ఫోటోకి రమ్మని చెల్లెలు చేయి పట్టుకు లాగితే, "జుట్టు బాగాలేదే," అని తప్పుకుంది. తరువాత అద్దంలో చూసుకుంటే జుట్టు బాగానే ఉంది.