అడుగున తెగిన పదకొండు లైన్లు

ఆయన్ని పత్రికాఫీసులో అందరూ కత్తెర అంటారు. ఎదురుగా కత్తెర గారూ అని, చాటుగా వట్టి కత్తెర అని. ఎంత పెద్ద రచయిత పంపిన కథయినా సరే, కళ్ళజోడు సర్దుకుని అరపేజీ కోసి పక్కన పెట్టేస్తాడు. ఆ పేరంటే ఆయనకు లోలోపల గొప్ప కూడానూ. ఈ మనిషి సంగతి చెప్పాలంటే నాకు ముందు ఒళ్ళు మండుతుంది, జాలి ఆ తర్వాతే.

ఇంకో ఏడాదిలో రిటైరవుతాడనగా ఆయనకో పెద్ద పని తగిలింది. తమ భాషలో వచ్చిన సైన్స్ ఫిక్షన్ కథలన్నీ వడపోసి ఒక సంకలనం, దానికి ముందు నలభై పేజీల చరిత్ర. నెలల తరబడి పాత వారపత్రికల కట్టలు విప్పి, దుమ్ముకు తుమ్మి తుమ్మి, కథల్ని వాటి వాటి గుంపుల్లో చేర్చాడు. మొదట చంద్రుడి మీదికి వెళ్ళొచ్చినవి. రాకెట్టు ఎలా ఎగురుతుందో రాసినవాడికే తెలియని రోజులవి, అందుకని హీరో నిద్రలోనే వెళ్ళొచ్చేసేవాడు. తర్వాత యజమానికి ఎదురు తిరిగే మరమనుషులు. ఆ తర్వాత గ్రహాంతరవాసులు; ఎంత దూరం నుంచి వచ్చినా దిగీ దిగగానే మన భాషే గడగడా మాట్లాడేసేవాళ్ళు. ఇంకా తర్వాత నీళ్ళు ఎండిపోయి, గాలి పాడైపోయి, మనుషులు నేల కింద బతికే కథలు. ఇవి ఏటేటా పెరిగాయే గానీ తగ్గలేదు. అన్నిటికంటే పల్చటి గుంపు కాలంలో ముందుకీ వెనక్కీ తిరిగే కథలది. అందులో అందరూ మెచ్చుకునే కథ ఆయన వదిన రాసింది.

వదిన అంటే సొంత అన్నయ్య భార్య. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. కత్తెర స్కూల్లో చదివే రోజుల్లో ఇలాంటి కథల పుస్తకం మొదటిసారి అతని చేతిలో పెట్టింది ఆవిడే. ఆవిడ రాసి అచ్చయింది మాత్రం ఒక్క కథ. డ్యూటీలో ఉన్న ఒక ఆపరేటరుకి నలభై ఏళ్ళ తర్వాతి కాలం నుంచి ఫోన్ వస్తుంది. ముసలి గొంతు. ఈ అమ్మాయి ఎవరికీ చెప్పుకోని సంగతులన్నీ ఆ గొంతు ఒక్కొక్కటే చెబుతుంది. 'మీరెవరండీ?' అని ఆపరేటర్ అడుగుతుంది. అక్కడితో కథ సరి.

అలా ప్రశ్న దగ్గరే వదిలేసినందుకు పాఠకులు కుప్పలు తెప్పలుగా ఉత్తరాలు రాశారు. పరిశోధకులు ఆ ప్రశ్న మీద వ్యాసాలు రాశారు. కత్తెర కూడా తన చరిత్రలో 'జవాబు చెప్పకుండా కథను ఆపే ధైర్యం మొదట చూపింది ఈ రచయిత్రి' అని రాయబోయి, సగం వాక్యంలో పెన్ను కింద పెట్టేశాడు. ముప్పై ఏళ్ళుగా మింగి కూర్చున్నది ఇక దిగనంటోంది.

ధైర్యమూ లేదు, పాడూ లేదు. ఆ కథకి ఇంకో పదకొండు లైన్లున్నాయి.

అప్పటికి కత్తెర దినపత్రిక డెస్కు నుంచి వారపత్రికకి మారి రెండు నెలలు. దినపత్రికలో వార్త ఎలా రాస్తారంటే, ముఖ్యమైనదంతా పైన, ఉన్నా లేకపోయినా ఫరవాలేనిది అడుగున. చోటు చాలకపోతే కళ్ళు మూసుకుని అడుగు నుంచి కోసేయడమే, వార్తకేమీ కాదు. ఆ వారం పేజీలు ప్రెస్సుకి వెళ్ళే మధ్యాహ్నం ఎక్కడినుంచో ఒక సబ్బు ప్రకటన ఊడిపడింది. ఎడిటర్ ఊళ్ళో లేడు. వదిన కథ ఉన్న పేజీలో పదకొండు లైన్ల చోటు కావాలి. అలవాటు పడ్డ చెయ్యి ఆగుతుందా? అడుగు నుంచి పదకొండు లైన్లు లెక్కపెట్టి కోసేశాడు. కథకి ప్రాణం అడుగునే ఉంటుందని ఆ క్షణంలో తట్టలేదు మహానుభావుడికి.

అదొక తప్పు. కంగారులో ఎవరైనా చేస్తారు, పోనీ అనుకోవచ్చు. పోనీ అనుకోలేనిది ఆ తర్వాత చేసిన పని. అప్పట్లో కత్తెర అన్నయ్య వాళ్ళింట్లోనే ఉండేవాడు. పత్రిక వచ్చిన రోజు వదిన దాన్ని పట్టుకొచ్చి, "ఏమయ్యా, నా కథ చివర ఏది?" అని అడిగింది. వారపత్రికలో కొత్త. నిజం చెబితే అన్నయ్య చేత చీవాట్లు. "ఎడిటర్ గారు తీసేశారు వదినా. ముగింపు తేలిపోయిందట. మీ వదినకి మొదలుపెట్టడం వచ్చుగానీ ముగించడం రాదయ్యా అన్నారు" అనేశాడు. ఎంత చక్కగా అల్లాడో చూడండి! జన్మలో ఒక్క కథ రాయనివాడికి ఆ పూట ఎక్కడలేని కల్పనాశక్తీ పుట్టుకొచ్చింది.

వదిన "అలాగా" అని ఊరుకుంది. ఉత్తరాల కట్ట వచ్చినప్పుడు, "చూశావా, ఆయన తీసేయబట్టే ఇంత బాగుంది" అని నవ్వింది కూడా. ఆ తర్వాత ఒక్క కథా పత్రికకి ఇవ్వలేదు. ఎడిటర్ పోయి పన్నెండేళ్ళయింది. కత్తెర నోరు విప్పకపోతే ఈ సంగతి ఇంకెవరికీ తెలిసే దారి లేదు.

కానీ కథ మళ్ళీ వేయాలంటే ఆవిడ సంతకం కావాలి. కాగితం పోస్టులో పంపినా సరిపోయేది. రెండు రోజులు తిండి సహించలేదు. మూడో రోజు మధ్యాహ్నం తనే వెళ్ళాడు.

అన్నయ్య కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. వదిన ముందు గదిలో కిటికీ పక్కన కూర్చుని చొక్కాకి గుండీ కుడుతోంది.

"ఏంటయ్యా, ముఖం అలా పీక్కుపోయింది? మీ ఆవిడ అన్నం పెట్టడం మానేసిందా?"

"నీ సంతకం కావాలి వదినా. నీ కథ పుస్తకంలో వేస్తున్నాం."

"ఆ ఫోన్ కథేనా? దాన్నింకా వదల్లేదా మీరు?" సూది చొక్కాకే గుచ్చి చెయ్యి చాపింది. "ఇటివ్వు, ఎక్కడ పెట్టాలి?"

ఇచ్చేస్తే అయిపోయేది. సగం దాకా అందించినవాడల్లా కాగితం వెనక్కి లాక్కున్నాడు.

"ముందు ఒకటి చెప్పాలి. దాని చివర తీసేసింది ఎడిటర్ కాదు వదినా. నేను."

"నువ్వా?"

"ప్రకటన వచ్చింది, చోటు లేదు. అడుగు నుంచి కోసేశాను. ముగించడం రాదన్న మాట కూడా ఆయనది కాదు. నేనే పుట్టించాను."

వదిన చొక్కా మడిచి పక్కన పెట్టింది. తేలు కుట్టిన దొంగలా కత్తెర నేల చూపులు చూస్తున్నాడు.

"పోనీ, నీకు బాగోలేదనిపించిందా?" అని అడిగింది.

అవుననేస్తే సరిపోయేది. ఒక ముగింపు ఒకడికి నచ్చలేదు, అదేం నేరం కాదు. ఆవిడ కూడా ఆ మాట కోసమే చూస్తున్నట్టుంది, అవునంటే అంతటితో వదిలేసేట్టే ఉంది. అబద్ధం మళ్ళీ నాలుక చివరికొచ్చింది. ఈసారి సిగ్గేసింది.

"నేను చదవనే లేదు వదినా."

"చదవలేదా?"

"లెక్కపెట్టానంతే. అందులో ఏముందో ఇప్పటికీ నాకు తెలియదు."

ఎడిటర్ మాట దగ్గర కూడా మారని ముఖం ఇప్పుడు మారింది. లేచి లోపలికి వెళ్ళిపోయింది. బీరువా తలుపు చప్పుడైంది. పాత అట్టల ఫైళ్ళు గుండెలకు హత్తుకుని తెచ్చి, అతని ఒళ్ళో పెట్టింది.

"పందొమ్మిది కథలున్నాయి."

అన్నీ ఆవిడ చేతిరాతే. యజమాని చనిపోయాడని అర్థంకాక రోజూ కాఫీ కలిపి పెట్టే మరమనిషి. ఆస్పత్రి క్యూలో అందరితో పాటు చీటీ పట్టుకుని నిలబడ్డ గ్రహాంతరవాసి. ఎండిపోయిన సముద్రం అడుగున అద్దెకిల్లు వెతుక్కుంటున్న సంసారం. పేజీలు తిప్పుతుంటే కత్తెరకి ప్రాణం లేచొచ్చింది. తను చేర్చిన గుంపులన్నిటికీ ఇక్కడ కథలున్నాయి, ఏ గుంపులోకీ రానివీ ఉన్నాయి. ఆత్రంగా చివరి పేజీలకు వెళ్ళాడు. ఒకటి పేజీ మధ్యలో ఆగిపోయింది. ఇంకోటీ అంతే. పందొమ్మిదింటికీ ముగింపు లేదు.

"వదినా, ఇవి..."

"ముగించడం రాదన్నారుగా. రాయకుండా ఉండలేక రాసేదాన్ని. చివరికొచ్చేసరికి ఆ మాట గుర్తొచ్చేది. ఆపేసేదాన్ని."

"ఇప్పుడు ముగించు! పుస్తకం ఆపిస్తాను. ఆర్నెల్లయినా ఆపిస్తాను. ఎన్ని పూర్తయితే అన్ని వేద్దాం."

"ఎలా ముగుస్తాయో అప్పుడు తెలుసయ్యా నాకు. మొదటి వాక్యం రాసేటప్పుడే తెలిసేది. ఎలాగూ పనికిరావని రాసిపెట్టుకోలేదు." కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. "ఇప్పుడు ఒక్కటీ గుర్తు రావడం లేదు."

కత్తెరకి ఏడుపొచ్చేసింది. అంత వయసొచ్చిన మనిషి, ముక్కు చీదుకుంటూ, ఫైళ్ళ మీద పడకుండా కన్నీళ్ళు చొక్కా చేతికి తుడుచుకుంటూ ఏడ్చాడు. క్షమించమని అడగబోతే ఆవిడ చెయ్యి ఎత్తి ఆపేసింది.

"అది తర్వాత. ముందు చదువు."

"ఏంటి వదినా?"

"ఇవి. పైకి చదువు. ఒక్క లైను వదిలినా ఊరుకోను."

గొంతు సవరించుకుని మరమనిషి కథ మొదలుపెట్టాడు. అక్కడక్కడ సిరా వెలిసిపోయింది, కళ్ళకు దగ్గరగా పట్టుకుని కూడబలుక్కున్నాడు. ఒకచోట నవ్వొచ్చింది, ఆ నవ్వుకే మళ్ళీ ఏడుపొచ్చింది. కథలో ఎవరో తలుపు కొట్టారు. మరమనిషి కాఫీ కప్పు కింద పెట్టి వెళ్ళి తలుపు తీశాడు. ఆ తర్వాత పేజీ ఖాళీ.

కత్తెర తలెత్తాడు. వదిన కళ్ళు మూసుకుని ఉంది. ఏదో అందినట్టే అంది తప్పిపోతున్నట్టు పెదవులు కదులుతున్నాయి.

"తలుపు తీస్తే ఎవరున్నారు వదినా?"

పెదవులు ఆగాయి.

"ఏమో," అంది ఆవిడ. "రెండోది తియ్యి."

కత్తెర రెండో ఫైలు తీసి మొదటి లైను నుంచి చదవసాగాడు.