హాయ్ అన్న గన్ను

జ్వరం చూసే గన్ను తెచ్చి కట్టెల పొయ్యి దగ్గర పెట్టింది మీరే బసవపున్నయ్యగారూ, మీరూ మీ అబ్బాయి కిరీటీ. ఇప్పుడు మొహాలు తిప్పుకోకండి.

విస్సన్నపేట రోడ్డులో మీ మామిడి తాండ్ర షెడ్డు. ఆ ఉదయం కూడా అంతోనమ్మ ఇనప పొయ్యి ముందు గొంతుక్కూచుని సుబాబుల్ కట్టె తోస్తోంది. బయట ముసురు. ఎండ లేని రోజుల్లో ఆ పొయ్యి వేడికే తాండ్ర ఆరాలి. పొగగొట్టం తాండ్ర ఆరేసిన చాపలను రాసుకుంటున్నట్టే పైకి పోతుంది. అంతోనమ్మ వెదురు బద్దలా ఉంటుంది. కుడి చేతి మీద వెంట్రుకలు కాలి కాలి మొలవడం మానేశాయి. మొగుడు పోయాక తిరువూరులో ఆమె అద్దె గదిలో ఇంకో గొంతు లేదు. షెడ్డులోనూ అంతే. రసం తీసే రావమ్మ అవతలి గదిలో.

అంతకుముందు ఒకసారి గొట్టం ఎర్రబడి చాప అంచు మాడింది. "బాబూ, గొట్టం ఎంత కాలిందో చూసే మిషను ఉందంటగా. తెచ్చిపెట్టు, నాకు భయంగా ఉంది" అని కిరీటిని అడిగింది.

కిరీటి మిషన్లమ్మే ఆదిశేషయ్య కొట్టుకెళ్లాడు. కరోనా నాడు మిగిలిన గన్నులు కనిపించాయి.

"అవి నుదుటికి పెట్టేవండీ. పొయ్యికైతే ఐదొందల డిగ్రీల పైన చూసేది కావాలి. బెజవాడ నుంచి తెప్పిస్తా, ఆగండి" అన్నాడు ఆదిశేషయ్య.

"గన్ను గన్నేగా!" కిరీటి అదే పట్టుకొచ్చేశాడు.

గొట్టానికి గురిపెట్టి నొక్కితే అంకెలు రాలేదు. రెండు ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి, హెచ్, ఐ.

"ఏంటి బాబూ ఇది?"

"హాయ్ అంటోంది. నిన్ను పలకరిస్తోంది అంతోనమ్మా!" పడీపడీ నవ్వాడు.

అది హాయ్ కాదు, హై. ఇంత వేడి నేను కొలవలేను మొర్రో అని గన్ను మొత్తుకోవడం. అంతోనమ్మకేం తెలుసు? అంతా బాగుంటే పలకరిస్తుంది, తేడా వస్తే అంకె వేస్తుంది అనుకుంది. నొక్కినప్పుడల్లా "హాయ్ రా అయ్యా" అని బదులిచ్చేది.

"ఎవరొదినా, కొత్త చుట్టమా?" అంది రావమ్మ ఆ ముసురు ఉదయం గుమ్మంలోంచి.

"పొద్దున్నుంచీ నన్ను పలకరించింది ఇదొక్కటే. నువ్వు పలకరించావా?"

రావమ్మ నవ్వి రసం దగ్గరికి పోయింది.

మధ్యాహ్నం మీరు ఫోను చేశారు బసవపున్నయ్యగారూ. రేపు సరుకుకి లారీ వస్తుంది, మంట పెంచు అన్నారు. ఆమె పెంచింది. గొట్టం గుయ్యిమంది. గన్ను నొక్కింది. హాయ్.

"హమ్మయ్య" అనుకుని ఇంకో కట్టె తోసింది.

రావమ్మ పొగ వాసనకి పరిగెత్తుకొచ్చేసరికి చాపలు అంటుకుని మండుతున్నాయి, అప్పటికే లాగేసినవి కొన్ని బయట ఉన్నాయి. లోపల ఇంకోటి లాగుతూ లాగుతూ పడిపోయింది అంతోనమ్మ. ఆటోలో ఒకసారి దగ్గింది. తిరువూరు ఆస్పత్రి రాకముందే ఊపిరి ఆగిపోయింది.

రేపు ఆ పొయ్యి ముందు రావమ్మను కూర్చోబెడతారట. కూర్చోబెట్టకండి. పొయ్యి వేడి చూసే అసలు మిషను తెప్పించండి. దాని మీద పడే ప్రతి అక్షరం ఆమెకు తెలుగులో చెప్పండి, జోకులెయ్యకుండా. గొట్టానికి చాపలు దూరం జరపండి. అందాకా ఒక్క పుల్ల కూడా అంటించకండి. తలుపు పక్కన మేకుకి అంతోనమ్మ గొడుగు వేలాడుతోంది. వచ్చి అడిగేవాళ్లు లేరు కదా అని దాన్ని తీసి పారెయ్యకండి.