ఆదివారం మాత్రం స్టార్టయ్యే కారు

"బ్యాటరీ పోయేలా ఉందండీ," అని ఆమె అనడం, "స్టార్టవుతోందిగా?" అని భర్త అనడం. చలి మొదలైనప్పటి నుంచీ ఆ ఇంట్లో ఇదే వరస. ఆమె మాట వంటింట్లోంచి వచ్చేది. అతని మాట ఫోన్ మీంచి తల ఎత్తకుండానే వచ్చేది.

స్టార్టవుతోంది, నిజమే. ఎలా అవుతోందో ఆమెకే తెలుసు. పొద్దున్నే అందరికీ వండి, డబ్బాలు సర్ది, అత్తగారి మాత్రలు బల్ల మీద పెట్టి, పరుగున కిందికొచ్చి తాళం తిప్పితే కారు రెండు మూలుగులు మూలిగి ఊరుకునేది. లైట్లు ఆపి, ఫ్యాన్ ఆపి, ఊపిరి బిగబట్టి మళ్ళీ సెల్ఫ్ కొట్టాలి. "తల్లీ, ఈ ఒక్కసారికీ" అని స్టీరింగుని నిమరాలి. ఇంట్లో మనుషుల్ని బతిమాలింది చాలక ఇనప ముక్కని కూడానా అని ఆమెకి ఒళ్ళు మండేది. భర్త ఆఫీసుకి కంపెనీ బస్సులో వెళ్తాడు. అతను కారు తీసేది ఆదివారం ఒక్కరోజే, అదీ ఎండ బాగా ఎక్కాక. అప్పటికి ఒళ్ళు వెచ్చబడ్డ కారు ఎంతో బుద్ధిగా ఒక్క తిప్పుకే లేచేది. "చూశావా? తాళం తిప్పడంలో ఉంది కిటుకంతా," అనేవాడు.

ఆమె పనిచేసేది రక్తపరీక్షల ల్యాబులో. అక్కడ ఆమె కాగితం మీద ఒక అంకె వేస్తే పెద్ద పెద్ద డాక్టర్లు మారు మాట్లాడకుండా మందు రాసేస్తారు. ఇంట్లో బ్యాటరీలో పస తగ్గిందంటే మాత్రం ఇంకొకళ్ళని అడగాలి. ఆ ఇంకొకళ్ళు ఆడపడుచు భర్త. "ఇంకో ఏడాది ఢోకా లేదు బావా," అని ఆయన ఫోన్లోనే తేల్చేశాడు. ఆయనకి కారే లేదు.

ఆ గురువారం అత్తగారికి ఆమె ల్యాబులోనే షుగర్ పరీక్ష. ఏమీ తినకుండా పెద్దావిడ ముందు సీట్లో కూర్చుంది. తాళం తిప్పితే మూలుగు కూడా రాలేదు. టిక్కు టిక్కుమని ఊరుకుంది. భర్తకి ఫోన్ చేసింది.

"రాత్రి లైట్లు ఆపకుండా వచ్చేసుంటావ్."

"ఆపానండీ."

"సర్లే, నేను బస్సెక్కేశా. సాయంత్రం వచ్చి చూస్తా. ఈలోగా ఎక్కడా కొనెయ్యకు. ఆడమనిషి కనబడితే చాలు, రెట్టింపు చెప్తారు."

ఫోన్ పెట్టేశాడు. ఆమె ల్యాబుకి ఫోన్ చేసి ఆలస్యమవుతుందంటే, పరగడుపున వచ్చినవాళ్ళంతా గొడవ చేస్తున్నారని విసుక్కుంటూ సూపర్‌వైజర్ అన్నాడు, "మీ ఇంట్లో మగవాళ్ళెవరూ లేరామ్మా, కాస్త కారు సంగతి చూడ్డానికి?" ఉన్నారు, అందుకే ఈ గతి పట్టింది అని నాలుక చివరిదాకా వచ్చింది. "వచ్చేస్తున్నా సార్," అంది.

ఎదురింటి స్కూలు వ్యాను డ్రైవరు తన బండి బ్యాటరీ నుంచి తీగలు తగిలించి కారు లేపాడు. "దారిలో ఎక్కడా ఇంజను ఆపకండి," అని హెచ్చరించాడు. ఆమె తిన్నగా ల్యాబు దారిలో ఉన్న బ్యాటరీల కొట్టుకి పోనిచ్చింది.

"వాడొచ్చి చూస్తానన్నాడుగా అమ్మాయ్," అంది అత్తగారు భయంగా.

"రేప్పొద్దున మళ్ళీ ఆ వ్యాను కోసం ఎదురు చూడాల్సింది నేను అత్తయ్యా, ఆయన కాదు."

కొట్టతను మీటరు పెట్టి చూశాడు. "దీని పని అయిపోయిందమ్మా. ఏది వెయ్యమంటారో సార్‌కి ఒకసారి ఫోన్ కలపండి."

"నడిపేది నేను. నాకే చెప్పండి."

రెండు చూపించాడు. ఏడాది గ్యారంటీది చవక. మూడేళ్ళది బాగా ఎక్కువ. "పాతది మీరే ఉంచుకుంటే ఎంత తగ్గిస్తారు?" అని ఆమె అడిగింది. అతను చెప్పిన అంకె విని, "నిన్న ఫోన్లో పక్కవీధి కొట్టువాళ్ళు ఇంతకంటే ఎక్కువే తగ్గిస్తామన్నారు," అంది. అతను నవ్వి కొంచెం దిగాడు. ఇంకా దిగేవాడేమో. కానీ ల్యాబులో జనం పరగడుపున కూర్చున్నారు. కారులో పెద్దావిడకి కళ్ళు తిరిగేలా ఉన్నాయి.

చెయ్యి మొదట చవకదాని మీదికే పోయింది. చవక అంటే ఇంట్లో మాట పడక్కర్లేదు. మిక్సీ అయినా, కర్టెన్లయినా, చివరికి తన చెప్పులైనా, ఇన్నేళ్ళూ ఆమె కొన్నది వస్తువుని చూసి కాదు. ఇంటికెళ్ళాక ఏమంటారో చూసుకుని కొంది. మూడేళ్ళు పొద్దున్నే దేన్నీ బతిమాలకుండా పనికెళ్ళొచ్చు. దానికి ఆ మాత్రం పెట్టకూడదా?

"మూడేళ్ళదే వెయ్యండి," అంది.

సాయంత్రం భర్త వచ్చాడు, టీ తాగాడు, టీవీ పెట్టాడు. కారు ఊసే లేదు. అమ్మ షుగర్ ఎంతుందనీ అడగలేదు. ఆమె చెప్పలేదు. వింతగా అత్తగారూ నోరు మెదపలేదు.

ఆదివారం ఆడపడుచు భర్త వచ్చాడు. ఇద్దరూ ఎక్కడికో బయల్దేరారు. భర్త తాళం తిప్పీ తిప్పగానే కారు గుర్రుమని లేచింది. "విన్నావా బావా! మా ఆవిడ పోయింది పోయిందని ప్రాణం తీసే బ్యాటరీ ఇదే!" ఇద్దరూ పగలబడి నవ్వారు.

ఆమె కింద వరండాలో బట్టలు ఆరేస్తోంది. "గురువారం కొత్తది వేయించాను," అంది.

నవ్వు ఆగింది. భర్త ఇంజను ఆపి దిగి వచ్చాడు, వెనకాలే బావ కూడా. "ఎవర్నడిగి? ఎంత పోశావ్?"

ఏది కొన్నా ఇంట్లో ఓ నాలుగొందలు తగ్గించి చెప్పడం ఆమెకి అలవాటు. ఇప్పుడూ ఆ తగ్గించిన అంకే ముందు నోటికొచ్చింది. దాన్ని మింగేసి, ఇచ్చిన ధర ఇచ్చినట్టే చెప్పింది.

"నిలువునా ముంచాడు! నేనైతే ఇంకో అయిదొందలు తగ్గించేవాణ్ణి."

"తగ్గించేవారేమో. ఎప్పటికి?"

అతను జవాబు కోసం బావ వైపు చూశాడు. బావ మేడ పైన వాటర్ ట్యాంకు వైపు చూస్తున్నాడు.

"ఇక నుంచి ఈ కారుకి ఏం కావాలన్నా నేనే చేయిస్తాను. మీకు చెప్తాను. అడగను," అంది.

బకెట్లోంచి తర్వాతి బట్ట తీసింది. అతని చొక్కా. నీళ్ళు కారుతుంటే ఒక్క క్షణం దాన్ని చూసి, గట్టిగా పిండి, అతని చేతికిచ్చింది.